లెక్కలో లేని పొట్టేలు

మందలో జీవాలు ఎన్ని అని అడిగితే నలభై మూడు అని చెప్పింది మహాదేవమ్మ. ఆ మాట అబద్ధమని ఆమెకు అనిపించలేదు. నలభై నాలుగోది ఆమెది కాదు, సుంకులమ్మది. అమ్మవారికి విడిచిన పొట్టేలును మంద లెక్కలో కలపడం ఆ ఊళ్ళో ఎవరికీ అలవాటు లేదు. దాని చెవి కోయరు, బొచ్చు కత్తిరించరు, ఒంటి మీద ముల్లు గీరుకున్నా ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. ఊరి జాతర, దేవర రోజున అమ్మవారి ముందు నిలబెట్టేటప్పటికి దాని ఒంట్లోంచి ఒక్క చుక్క నెత్తురు కూడా పోయి ఉండకూడదు. పోయిందా, ఇంక అది మొక్కుకు పనికిరాదు.

అందుకే, కర్నూలు నుంచి డాక్టరమ్మ సూదులు పట్టుకుని వస్తుందని తెలిసిన రోజు, తెల్లవారుతూనే పొట్టేలును తోలుకుపోయి లక్ష్మన్న వాళ్ళ కొట్టం వెనక, పత్తికట్టె వామి చాటున కట్టేసింది.

"ఏం వదినా, పొట్టేలును కాపరానికి పంపిస్తాండావా ఏం?" వేపపుల్ల నములుతూ అడిగాడు లక్ష్మన్న.

"ఎకసక్కాలు ఆడొద్దప్పా. ఒక్క పూట చూసుకో. వాళ్ళు అట్ల పోతానే ఇట్ల వచ్చి తోలుకపోతా."

"నా కొట్టంలో ఉన్నంతసేపు మేత ఖర్చు అమ్మవారి పేరున రాసుకుంటాలే," అని నవ్వాడతను. మహాదేవమ్మ నవ్వలేదు. ఆమెకు రెండు నెలలుగా నవ్వు రావడం లేదు.

మామూలుగానే ఆమెది భయపడే ప్రాణం. ఫోను మోగితే చెడ్డ కబురు అనుకుంటుంది, మోగకపోతే చెప్పలేనంత చెడ్డ కబురు అనుకుంటుంది. మొగుడు గిడ్డయ్య మందతో మలుపు తిరిగి కనపడకుండా పోతే పాము కరిచిందనుకుంటుంది. ఇప్పుడైతే ఆ భయానికి ఒక పేరు కూడా ఉంది. ఒక్కగానొక్క కూతురు మహేశ్వరికి జ్వరం. మాపటేలకు వస్తుంది, ఒళ్ళంతా చెమట పట్టించి తెల్లారేసరికి పోతుంది. మళ్ళీ మాపటేలకు వస్తుంది. ఆ పిల్ల కర్నూలు పక్కన కల్లూరులో ఉంటుంది. అల్లుడు పరమేష్ అక్కడే బిందెల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పెళ్ళయిన నాలుగేళ్ళకు నిలిచిన కడుపు. ఏడో నెల.

కర్నూలు పెద్ద డాక్టర్లు నెత్తురు పరీక్ష చేసి, ఇది గొర్రెల నుంచి వచ్చిన జబ్బు అన్నారు. ఆరు వారాలు మాత్రలు రాశారు. బిడ్డకు ఏమవుతుందని అడిగితే, "మందులు మానకుండా వేసుకోనీ, చూద్దాం" అన్నారు. ఆ 'చూద్దాం' అన్న మాటను మహాదేవమ్మ రోజుకు వంద సార్లు మనసులో తిప్పి తిప్పి చూసింది. ఎటు తిప్పినా అందులో చీకటే కనిపించింది.

కార్తీకంలో మహేశ్వరి పుట్టింటికి వచ్చి పదిహేను రోజులు ఉంది. అప్పుడే మందలో మూడు గొర్రెలు ఈసుకుపోయాయి. నెలలు నిండకుండానే చచ్చిన పిల్లలను వేశాయి. మూడోదాని పిల్లలో కొంచెం కదలిక ఉందేమోనని మహేశ్వరి దాన్ని ఒడిలోకి తీసుకుని, మూతి మీది జిగురు చేత్తోనే తుడిచి, ముక్కులోకి ఊపిరి ఊదింది. మందోళ్ళ ఇంట పుట్టిన ఎవరైనా అదే చేస్తారు. మహాదేవమ్మ పక్కనే ఉండి, "ఊదు తల్లీ, ఇంగొంచెం గట్టిగా ఊదు" అంది. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే తన నోటిని తానే మూసుకుంటుంది.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. అది ఎవరూ కాదనలేని సంగతి. కానీ పరమేష్ వాళ్ళమ్మ ఫోనులో తెగేసి చెప్పింది.

"మీ ఇంటికి వచ్చి మా కోడలు జబ్బు తగిలించుకోని వచ్చినాది. మళ్ళా ఆడికే పంపీమంటే ఎట్లమ్మా? మీ గొర్రెల సంగతి తేలనీ. అంతవరకూ గడప దాటనీను."

తేల్చడానికే డాక్టరమ్మ వచ్చింది.

ఆమె పేరు జ్ఞానమణి. పశువుల జబ్బులు పరీక్షించే ఆఫీసులో పని. ముప్పై ఏళ్ళుంటాయేమో, సన్నగా రివటలా ఉంది. జీపు దిగుతూనే చెప్పులు విడిచి రబ్బరు బూట్లు, చేతులకు తొడుగులు వేసుకుంది. గొర్రెల మెడ పట్టుకునే తీరు చూసి గిడ్డయ్య ముచ్చటపడ్డాడు.

"ఏమ్మా, మీది గూడా మందోళ్ళ ఇల్లా ఏంది?"

"మా నాయన చర్చిలో గంట కొడతాడు పెద్దాయనా. గొర్రెల్ని ఉద్యోగంలో చేరినాకనే పట్టుకున్యా. మొదట్లో అవే నన్ను పట్టుకునేవి." జ్ఞానమణి ఒక గొర్రె చెవి ఎత్తి చూసింది. "ఈ గాట్లేంది, అన్నిటికీ ఉండాయి?"

"మా ఇంటి గుర్తు. ఎడమ చెవికి కింద ఒక కోత. తప్పిపోయినా ఎవురి జీవమో తెలుస్తాది."

నలభై మూడింటి నెత్తురూ చిన్న చిన్న గాజు గొట్టాల్లోకి ఎక్కింది. ఈసుకుపోయిన గొర్రెల నుంచి దూదిపుల్లతో ఏదో తీసుకుంది. బయలుదేరే ముందు, "ఇంగేమన్నా మిగిలినాయా?" అని అడిగింది.

"ల్యా," అంది మహాదేవమ్మ. గిడ్డయ్య మొలతాడు సర్దుకుంటూ నేల చూశాడు.

ఆ తర్వాత మూడు వారాలు ఎదురుచూపు. డాక్టరమ్మ మళ్ళీ ఎప్పుడు దిగుతుందోనని పొట్టేలును లక్ష్మన్న కొట్టంలోనే ఉంచేసింది. మహాదేవమ్మ మొగుడిని ఇంట్లో ఉంచి తానే మందను తోలుకుపోయేది. ఊరికి పడమట మిట్ట మీద గాలిమరలు ఉన్నాయి. తాటిచెట్టుకు నాలుగింతల ఎత్తు. వాటి రెక్కల నీడలు నేల మీద నెమ్మదిగా తిరుగుతుంటాయి. ఒక నీడ వచ్చి మందను తుడిచినట్టు వెళ్ళిపోతుంది, అంతలో ఇంకో నీడ వస్తుంది. గొర్రెలకు అది అలవాటై తల కూడా ఎత్తవు. మహాదేవమ్మ మాత్రం ప్రతి నీడకూ ఒక్కసారి ఊపిరి బిగబట్టేది. నీడ దాటితే ఊపిరి వదిలేది. బిగబట్టి, వదిలి, బిగబట్టి, వదిలి, చివరకు కళ్ళు బరువెక్కి కూర్చున్నచోటే నిద్ర పట్టేది.

ఆ నిద్రలోకి పొట్టేలు వచ్చేది. ఒంటి మీద ఒక్క తెల్ల వెంట్రుక లేని నల్ల పొట్టేలు. తను ఐదో తరగతి చదివిన బడి వసారాలో నిలబడి, పలక మీది అక్షరాలను గడ్డిలాగా మేసేది. 'అ'ను కొరికేది, 'ఇ'ని నమిలేది. ఒక్కో అక్షరం గొంతు దిగుతుంటే దాని నల్లటి మెడలో చిన్న దీపం పోతున్నట్టు వెలుగు కనిపించేది. "మేయొద్దు, అవి నా బిడ్డ పేరు రాసుకున్న అక్షరాలు" అని అరవబోతే నోట్లోంచి గాలిమర చప్పుడు వచ్చేది. మెలకువ వచ్చి చూస్తే మంద అక్కడే, ఎండ అక్కడే, నీడ మళ్ళీ వస్తూ.

డాక్టరమ్మ రెండోసారి వచ్చినప్పుడు చేతిలో సూదుల పెట్టె లేదు. ఒక కాగితం ఉంది. దాని మీద బొమ్మ, వేర్లలాగా, కొమ్మల్లాగా, ఒకటి రెండై, రెండు నాలుగై విడిపోతున్న గీతలు. అరుగు మీద పరిచి, గాలికి ఎగరకుండా మూలకు చెంబు పెట్టింది.

"అమ్మా, జాగ్రత్తగా ఇను. ఈ జబ్బు క్రిమితో వస్తాది. ఆ క్రిమి లోపల ఒక రాత ఉంటాది. నాలుగే అక్షరాలు, అవే మళ్ళా మళ్ళా. మొత్తం ముప్పై మూడు లక్షలు. ఒక క్రిమి రెండయ్యేటప్పుడు ఆ రాతను చూసి రాసుకుంటాది. ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం తప్పు పడతాది. ఆ తప్పు దాని పిల్లలకూ, వాటి పిల్లలకూ అట్లనే పోతాది. ఆ తప్పులు చూసుకుంటా పోతే ఏ క్రిమి యాడిదో, దేని నుంచి చీలిందో చెప్పొచ్చు."

మహాదేవమ్మ కాగితం వైపు చాలాసేపు చూసింది.

"చెవికోత మాదిరి," అంది.

"ఎట్ల?"

"మా మామోళ్ళ నాయనకు ఒకటే కోత. అన్నదమ్ములు వేరుపడినప్పుడు పెద్దోడు ఆ కోత ఉంచుకున్యాడు. చిన్నోడు దానికి ఇంగోటి ఎక్కువేసినాడు. ఆయన కొడుకులు వేరుపడి ఇంగోటి. చెవి చూసి చెప్తా నేను, ఏ ఇంట్లోంచి ఏ ఇల్లు చీలిందో."

జ్ఞానమణి నవ్వు ఆపుకోలేకపోయింది. "నేను ఆరేండ్లు కూర్చోని చదివిందాన్ని నువ్వు గొర్రె చెవి పట్టుకోని చెప్తివి!" తర్వాత ఆ నవ్వు తగ్గించి, వేలు ఒక కొమ్మ మీద పెట్టింది. "ఇది మీ మహేశ్వరి నెత్తుట్లో దొరికింది. ఇది ఈసుకుపోయిన మీ గొర్రెలో దొరికింది. రెండిటికీ ఒక్క అక్షరమే తేడా."

మహాదేవమ్మ కాగితం నుంచి వెనక్కి జరిగింది. వియ్యపురాలి మాటే నిజమైంది. తన ఇల్లే, తన గొర్రెలే, తన నోటితో అన్న 'ఊదు తల్లీ' అన్న మాటే.

"ఆగమ్మా, అయిపోలా. ఇది మీ ఊరి క్రిమి కాదు. ఈ చుట్టుపక్కల మందల్లో ముందు నుంచీ ఉండేది ఇదో, ఈ కొమ్మ. దానికీ దీనికీ అరవై అక్షరాల తేడా. మరి దీని దాయాదులు యాడుండారంటే, ఇదో ఈడ. రెండేండ్ల కిందట కడప జిల్లాలో, వేంపల్లె దగ్గర మందల్లో దొరికినాయి. అయిదే అక్షరాల తేడా. అంటే ఆ పక్క నుంచి ఏదో ఒక జీవం మీ మందలోకి వచ్చుండల్ల. నేను నెత్తురు తీసిన నలభై మూడింటికీ మీ కోత ఉండాది. అన్నీ ఈడ పుట్టినవే." కాగితం మీంచి తలెత్తి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "కోత లేనిది ఏదన్నా ఉండాదా?"

గిడ్డయ్య పెళ్ళాం వైపు చూశాడు. ఆషాఢంలో గొర్రెపిల్లలను అమ్మడానికి వ్యాపారితో కలిసి వేంపల్లె దాకా లారీలో పోయింది ఆయనే. అచ్చ నల్లటి పొట్టేలును చూసి, మొక్కుకు ఇంతకంటే మంచిది దొరకదని కొనుక్కొచ్చిందీ ఆయనే. మహేశ్వరికి నెల తప్పిందని తెలిసిన రోజు, "కడుపు నిలిపి బిడ్డను చేతికియ్యి తల్లీ, దేవరకు మొదటి పొట్టేలు మాదే" అని మొక్కింది మహాదేవమ్మ. ఆ సంగతి కూతురికి కూడా చెప్పలేదు.

"ల్యా," అంది మహాదేవమ్మ మళ్ళీ. ఈసారి అది అబద్ధమని ఆమెకు తెలుసు.

జ్ఞానమణి కాగితం మడిచి, "ఉంటే చెప్పమ్మా," అంది. "అది పైకి నున్నగా, బలంగానే ఉంటాది, జబ్బున్నట్టు కనపడదు. పొట్టేలైతే కలిసిన ప్రతి గొర్రెకూ అంటిస్తాది. కోస్తే ఇంగా కష్టం. కోసినోళ్ళ చేతులకు, పేగులు కడిగినోళ్ళకు, నెత్తురు తగిలినోళ్ళకు ఎవురికైనా రావచ్చు. ఈ కాగితం మీ తప్పు పట్టేదానికి కాదు. ముందు ముందు ఎవురికి రాబోతాదో చూసుకునేదానికి." ఫోను నంబరు తలుపు మీద సుద్దముక్కతో రాసి వెళ్ళిపోయింది.

జీపు మలుపు తిరిగాక మహాదేవమ్మ అక్కడే చతికిలబడింది. దేవరకు ఇంక పన్నెండు రోజులు. మొదటి పొట్టేలు నెత్తురును అన్నంలో కలుపుతారు. ఆ పొలిని గంపలో పెట్టుకుని పొలిమేర చుట్టూ, ప్రతి చేనులో, ప్రతి వాకిట్లో చల్లుతారు. ఆ ఎర్రటి మెతుకులు ఊరంతా వాన చినుకుల్లా రాలుతున్నట్టు ఆమెకు పట్టపగలే కనిపించింది. పిల్లలు వాటి మీద నడుస్తున్నారు. చూలాలు ఒకతె చీపురుతో ఊడుస్తోంది. ఆమె తల తిప్పితే మహేశ్వరి ముఖం.

"చెప్పేస్తే పోతాది గదా మే," అన్నాడు గిడ్డయ్య మెల్లగా.

"చెప్తే సూది పొడుస్తారు. పొడిస్తే మొక్కు పోతాది. కాన్పు ఇంగా కానేలేదు. ఇప్పుడు అమ్మవారి సొమ్ము మీద చెయ్యేస్తే ఆయమ్మ ఊరుకుంటాదా? బిడ్డ మీద చూపిస్తాది."

"చెప్పకపోతే?"

ఒక భయానికి ఎదురుగా ఇంకో భయం కూర్చుంది. రెండూ ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నాయి.

ఆ సాయంత్రమే ఫోను మోగింది. మహేశ్వరి గొంతు, చాలా రోజుల తర్వాత తేటగా ఉంది.

"మా, నాలుగు దినాల నుంచి జ్వరం ల్యా. డాక్టరు గూడా బాగుండాదన్యాడు. మా అత్త దిగొచ్చినాది మా! పుట్టింటి కాన్పు తప్పియ్యొద్దంటాండాది. వచ్చే బేస్తవారం పరమేషు నన్ను తీసుకోనొచ్చి దిగబెడ్తాడు. ఏం, పలకవేంది?"

ఇన్నాళ్ళూ ఈ మాట కోసమే చెవులు రిక్కించి ఉంది మహాదేవమ్మ. మాట వచ్చేసరికి ఆమె కళ్ళు లక్ష్మన్న కొట్టం వైపు తిరిగాయి.

"మా? ఉండావా?"

"ఉండా తల్లీ. సిగ్నల్ సరిగా ల్యా," అంది.

మరునాడు మధ్యాహ్నం పొట్టేలును లక్ష్మన్న కొట్టం నుంచి విప్పుకుని మిట్ట మీదికి నడిచింది. గాలిమరల అవతల నాలుగు బండలు నిలబెట్టి పైన ఒక బండ పరిచిన గుడి. లోపల సుంకులమ్మ, పసుపు కుంకుమల పొరల కింద ముఖం ఎక్కడుందో తెలియని రాయి. పొట్టేలు చెప్పినమాట విన్నట్టు పక్కన పడుకుంది. ఎండలో దాని నల్ల బొచ్చు నూనె రాసినట్టు మెరుస్తోంది. దాని మెడ మీద చెయ్యి వేసింది. లోపల ఎక్కడో, ఈ వెచ్చటి నెత్తుట్లో, నాలుగు అక్షరాలు ముప్పై మూడు లక్షల సార్లు తమను తామే రాసుకుంటూ ఉన్నాయి. ఎవరో దూరాన గొణుగుతూ చదువుతున్నట్టు ఆమెకు ఆ చప్పుడు వినిపించింది. అది గాలిమర చప్పుడో, పొట్టేలు నెమరేస్తున్న చప్పుడో, తన గుండె చప్పుడో చెప్పలేకపోయింది.

"తల్లీ," అంది రాయితో. "ఇచ్చింది నేను. తీసుకుంటాండేది నేను. నీకు కోపమొస్తే నోరు నాది, చెయ్యి నాది. నా బిడ్డ జోలికి పోవద్దు." కాసేపు ఆగింది. "నీకైనా జబ్బు నెత్తురు ఎట్ల పెట్టేది?"

నీడ ఒకటి వచ్చి గుడినీ, పొట్టేలునూ, ఆమెనూ ఒకేసారి తుడిచి వెళ్ళింది. మహాదేవమ్మ ఈసారి ఊపిరి బిగబట్టడం మరిచిపోయింది. కొంగు ముడి విప్పి ఫోను తీసింది. తలుపు మీది నంబరు చూసి చూసి నోటికి వచ్చేసింది.

"మేడమ్, కోత లేనిది ఒకటుండాది," అంది.

మరునాడు జీపు దిగుతూనే జ్ఞానమణి తిట్టింది. మర్యాదగానే, కానీ తిట్టింది. "ఆ పొద్దే చెప్పింటే మూడు వారాలు కలిసొస్తుండె గదమ్మా. ఇన్ని దినాల్లో అది ఇంకో మందలో కలిసుంటే ఎవురిది పాపం?" మహాదేవమ్మ తల వంచుకుని అన్నీ విన్నది. తొడుగులు ఇస్తే వేసుకుని, పొట్టేలు కొమ్ములు తానే పట్టుకుంది. సూది దిగేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుంది. పిడుగు పడుతుందనుకుంది. పడలేదు. కళ్ళు తెరిస్తే గాజు గొట్టంలో రెండు వేళ్ళ ఎత్తున ఎర్రగా నెత్తురు. మిగతా గొర్రెల నెత్తురుకూ దీనికీ చూసే కంటికి ఏ తేడా లేదు.

"అయ్యో వదినా, దేవర పొట్టేలుకు సూది గుచ్చిస్తివా!" అని లక్ష్మన్న నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "దేవరనాడు అమ్మవారికి ఏం చూపిస్తావు?"

"గుమ్మడికాయ పగలగొడ్తా. తీసుకుంటే తీసుకుంటాది, లేకుంటే నన్నే తీసుకోమను. నువ్వు ముందు సబ్బుతో చేతులు కడుక్కో. మూడు వారాలు నీ కొట్టంలోనే కట్టేస్తిమి. నీ పెండ్లాన్ని గూడా కడుక్కోమను."

లక్ష్మన్న చేతులు ఒకసారి చూసుకుని తొట్టి వైపు పరుగెత్తాడు.

రెండు రోజులకు ఫలితం వచ్చింది. జబ్బు ఉంది. పొట్టేలునూ, ఈసుకుపోయిన మూడు గొర్రెలనూ సూదిమందుతో చంపి, ఊరికి దూరంగా లోతైన గుంతలో సున్నం చల్లి పూడ్చారు. గిడ్డయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు. మహాదేవమ్మ గుంత మీద మట్టి ఎగదోస్తూ, పొట్టేలు తప్పేమీ లేదు కదా అని ఏడ్చింది. మిగతా మందకు మూడు నెలల పాటు మళ్ళీ మళ్ళీ నెత్తురు తీస్తామనీ, అంతవరకూ కడుపుతో ఉన్నవాళ్ళు ఆ కొట్టం ఛాయలకు కూడా రాకూడదనీ చెప్పింది జ్ఞానమణి. లక్ష్మన్న ఇంట్లో వాళ్ళందరికీ కూడా పరీక్ష చేయించారు. ఎవరికీ లేదు.

కూతురు రావలసిన బేస్తవారానికి ఒక రోజు ముందే, బుధవారం పొద్దున మహాదేవమ్మ సంచిలో రెండు చీరలు, కొర్రలు, వెల్లుల్లి, పాత బట్టల మూట పెట్టుకుని కర్నూలు బస్సెక్కింది. అక్కడ దిగి కల్లూరుకు షేర్ ఆటో. కూతురిని పుట్టింటికి పిలుచుకోవడం కాదు, తానే కాన్పుకు పోతున్న తల్లి. వాళ్ళ ఊళ్ళో అట్లా పోయినవాళ్ళు ఎవరూ లేరు. ఆటోలో పక్కనామె ఎక్కడికని అడిగితే చెప్పడానికి కూడా సిగ్గుపడింది.

కొత్త ఇళ్ళ మధ్య రెండో అంతస్తులో ఒకటే గది, ముందు చిన్న వరండా. వియ్యపురాలు మంచినీళ్ళిచ్చి, ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి ఊరుకుని కూరగాయలకు పోయింది. అల్లుడు డ్యూటీలో ఉన్నాడు. మహేశ్వరి చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది.

మహాదేవమ్మ ఇంక దాచలేదు. మొక్కు, వేంపల్లె, పత్తికట్టె వామి, రెండు సార్లు అన్న 'ల్యా', గుంత, సున్నం. మొత్తం చెప్పి, తిట్టు కోసం తల వంచుకుని కూర్చుంది.

మహేశ్వరి లేచి కూర్చుంది. కింద వీధిలో ఎవరో ఉప్పు అమ్ముతూ పోతున్నాడు. ఆ కేక దగ్గరకు వచ్చి, మళ్ళీ దూరమై, వినపడకుండా పోయింది.

"నాకోసం మొక్కుకున్యావు. నాకొక మాట చెప్పల్లనిపీలేదా?"

"చెప్తే నువ్వు భయపడతావని."

"నువ్వు భయపడినదాంట్లోనే గదా మా నాకు జ్వరమొచ్చింది!" కళ్ళల్లో నీళ్ళు, పెదవుల మీద కోపం. "ఆ పొద్దే దాని నెత్తురు తియ్యనిచ్చింటే? నేను బేస్తవారం వచ్చి ఆ కొట్టం ముందరే పండుకోనింటే?"

"ఏమన్నా అయ్యుండేది. అందుకే నేనే వచ్చినా."

కోపం మెల్లగా అలసటగా మారింది. మహేశ్వరి మళ్ళీ చాప మీద వాలి, తల్లి ఒడిలో తల పెట్టుకుంది.

"ఇంగ నాకోసం ఎవురికీ ఏమీ మొక్కొద్దు మా. ఒట్టు పెట్టు."

"ఒట్టు."

"భయమేస్తే?"

మహాదేవమ్మ ఆలోచించింది. ఇన్నేళ్ళూ భయం వేస్తే అది ఏదో ఒక దేవుడి ముందు పెట్టి వచ్చేది. ఇప్పుడు చేతిలోనే ఉంది, దింపడానికి చోటు లేదు. "ఏం చేయల్లనో తెలీదు తల్లీ," అంది.

"నాకు చెప్పు. ఒక్కోటే చెప్పు. ఇంటా."

మధ్యాహ్నపు ఎండ వరండా కటకటాల మధ్య నుంచి చాప మీద గీతలు గీతలుగా పడింది. మహాదేవమ్మ కూతురి జుట్టు నిమురుతూ మొదలుపెట్టింది. ముందు చిన్న భయాలు. ఈ మెట్లు నున్నగా ఉండాయి, జారతావేమోనని.

"ఊఁ," అంది మహేశ్వరి.

గ్యాసు సిలిండరు తలాపునే పెట్టినారని.

"ఊఁ."

నొప్పులొచ్చే పొద్దుకు ఆటోలు దొరకవేమోనని. పరమేషు ఫోను ఎత్తడేమోనని. నువ్వు మాత్రలు వేసుకున్యానని అబద్ధం చెప్తాండావేమోనని. బిడ్డ ఏడుస్తాదో లేదోనని. ఏడిస్తే, నాకు వినపడేంత గట్టిగా ఏడుస్తాదో లేదోనని.

"ఊఁ..."

కథ చెప్పినట్టు చెబుతూ పోయింది. ఒక్కోటి నోట్లోంచి బయటికి వచ్చాక చూస్తే, అది లోపల ఉన్నంత పెద్దగా లేదు. గొర్రెలు దొడ్డి వాకిలి దాటుతున్నప్పుడు వరుసగా, ఒకదాని వెనక ఒకటి పోయినట్టు పోతున్నాయి. కొంతసేపటికి 'ఊఁ' రాలేదు. మహాదేవమ్మ చెప్పడం ఆపింది. వంగి కూతురి ముక్కు దగ్గర వేళ్ళు పెట్టింది. వెచ్చగా, నిదానంగా ఊపిరి. నుదుటి మీద చెమట లేదు. నిద్రపోతోంది. చీర కింద కడుపు ఒకచోట కదిలి, సర్దుకుని, మళ్ళీ కుదురుకుంది.

మహాదేవమ్మ వేళ్ళు తీసేసింది. ఇంకా చాలా మిగిలి ఉన్నాయి. గొంతు తగ్గించి, తర్వాతి భయం చెప్పడం మొదలుపెట్టింది.